నాటకాల అద్దాలు

గంటస్తంభం వెనక సందులో నా బల్ల నాలుగడుగులు.
గడియారాలు బాగుచేస్తానని బోర్డు మీద ఉంది గాని
ఎక్కువగా బ్యాటరీలే మారుస్తాను.
శ్రావణం ముసురులో ఒక మధ్యాహ్నం
బెవర తవిటమ్మ వచ్చి చీర కొంగు ముడి విప్పింది.
గోనెనారతో కట్టిన చిన్న జంటగొట్టం
బల్ల మీద కప్పలా కూర్చుంది.

యుద్ధం చూసిన వస్తువు కాదిది,
ఓడల్ని చూసిందీ కాదు.
లోపల పట్టకాలు లేవు.
ముందు ఉబ్బెత్తు అద్దం, కంటి దగ్గర గుంట అద్దం, అంతే.
మూడింతలు దగ్గరికి తెస్తుంది, నాలుగో ఇంత అడక్కూడదు.
ముందు వరస కుర్చీలో ఉన్నవాడు
స్టేజీ మీది కన్నీరు నిజమో గ్లిజరినో
తేల్చుకోడానికి కొనుక్కునేది.

కంటి పట్టీ చుట్టూ సన్నరాత. పారిస్ అని చదివాను.
"సేసినోడి పేరేటి?"
కాదమ్మా, అమ్మినోడిదై ఉంటుంది.
చేసినవాడు చాలాసార్లు ఎక్కడా ఉండడు.
"మా ఏసాలోల్లకీ అంతే" అని
వాన వైపు తిరిగి కూర్చుంది.

తెల్లటి చిప్పని బుగ్గకి ఆనించాను.
చల్లగా ఉండి ఉండి మెల్లగా వెచ్చబడింది.
సెల్యులాయిడు ఇంత తాత్సారం చెయ్యదు, ముత్యపుచిప్పే.
ఎడమ పక్క ఒక పలక లేచిపోయి
ఆ సందులో ఎర్రగా ఏదో,
కుంకుమో, మొహానికి పూసుకున్న రంగో.

నడిమి చక్రం కదల్లేదు.
పాత గ్రీజు పలాస జీడిపిక్క రసంలా
నల్లగా పట్టేసింది.
బలం పెడితే ఇత్తడి మర అరిగి చేతికొస్తుంది.
అందుకని ఒక చుక్క కిరసనాయిలు, ఒక రాత్రి.
మరో చుక్క, మరో రాత్రి.
మూడోనాడు వెంట్రుకవాసి తిరిగింది.
నాలుగోనాడు మూలుగుతూ తిరిగింది.

ఎడమ అద్దం ఎడమకే, కుడిది కుడికే.
విప్పేముందు సూదితో అంచు మీద గీత పెట్టాను.
ఒకసారి గీత పెట్టక
ఒక డాక్టరుగారి దుర్భిణికి మెల్లకన్ను తెచ్చాను.
ఆయన ఇప్పటికీ పిట్టల్ని జంటలుగా లెక్కపెడుతున్నారు.

బూజు అద్దం మీద వేళ్ళు చాపి పడుకుంది.
ఉతికి ఉతికి పలచబడ్డ మా అమ్మ పొందూరు చీర ముక్కతో
మధ్యనుంచి అంచుకి, ఊపిరి తగలకుండా.
చాలావరకు పోయింది.
గాజును తినేసిన చోట మచ్చ ఉండిపోయింది.

"సింతపండెట్టి తోమేస్తే?"
వద్దు తల్లీ, పైన బంగారు నీరుంది, తోమితే పోతుంది.
పొడిబట్ట చాలు.
చెప్పుల డబ్బాలో వచ్చే తెల్ల గుళికల పొట్లం పక్కన పెట్టు,
బీరువాలో పెట్టకు, వంటింట్లో అసలు పెట్టకు.

అప్పుడు చెప్పింది:
"ఆఖరాట అయ్యాక ఈ కుర్సీలో ఒగ్గీసెల్లిపోనారెవరో.
మర్నాడు రానేదు, మరే నాడూ రానేదు.
నలబయ్యేళ్ళు. ఒక్కసారీ ఇందులోంచి సూడ్నేదు బాబూ.
నన్ను సూసిన కళ్ళు కదా, నానేటి సూడ్డం?"

నేనందించాను. తీసుకోలేదు.
చెప్పులు నా బల్ల కిందే వదిలేసి రోడ్డు దాటింది.
జామకాయల బండికీ ఆగిన ఆటోకీ మధ్య
తెర లేవబోతున్నట్టు నిలబడింది.

ముందు రెండు వృత్తాలు, ఇద్దరు తవిటమ్మలు.
చక్రం తిప్పాను.
ఒకరిలోకి ఒకరు నడిచి ఒక్కరయ్యారు.
గడ్డం కొద్దిగా ఎత్తింది. పెదాలు కదిలాయి.
పద్యమేననుకుంటాను.
ఈ అద్దాలు మనిషిని దగ్గరికి తెస్తాయి, గొంతును తేలేవు.
ఆటో హారను మాత్రం దండిగా వినిపించింది.
బూజు మచ్చ ఆమె భుజం మీద వాలి
ఎటు తిరిగినా వదల్లేదు.

తిరిగొచ్చి ఎలా ఉందని అడగలేదు.
మూడొందలన్నానా, రెండొందల నలభై లెక్కపెట్టింది.
వానలు తగ్గాక ఒకసారి పట్రా, గ్రీజు చూస్తానన్నాను.
"సూద్దాం" అని ముడి వేసుకుంది.

సాయంత్రం అద్దంలో మొహం కడుక్కుంటుంటే
నా కళ్ళ చుట్టూ
రెండు ఇత్తడి వలయాల అచ్చు.